అరువు పేర్ల వెనక అసలు రచయిత: బ్లాక్‌లిస్ట్ స్క్రిప్టుల పెట్టెలు చదివే పద్ధతి

హాలీవుడ్ బ్లాక్‌లిస్ట్ కాలం నాటి స్క్రిప్టు చేతికొస్తే ఎవరైనా మొదట చూసేది అట్ట మీద పేరు. అన్నిటికంటే ఆఖరున నమ్మాల్సింది కూడా ఆ పేరునే. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి సినిమారంగంలో కమ్యూనిస్టులెవరని విచారణ జరిపింది. దానికి సహకరించని పదిమంది మీద నవంబరులో సభ ధిక్కార నేరం మోపింది. ఆ నెలలోనే స్టూడియో యజమానులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో కూర్చుని వాళ్లకు పని ఇవ్వబోమని తేల్చారు. అలా పని ఇవ్వకూడదనుకున్నవాళ్ల జాబితానే బ్లాక్‌లిస్ట్. 1951లో విచారణలు మళ్లీ మొదలయ్యాక పని పోగొట్టుకున్నవాళ్లు వందల్లోకి చేరారు. అయినా చాలామంది రాయడం ఆపలేదు. కొందరు మారుపేర్లు పెట్టుకున్నారు, కొందరు పేరు అరువిచ్చే మరో రచయిత చాటున రాశారు. అలా పేరు అరువిచ్చిన మనిషిని అక్కడ ‘ఫ్రంట్’ అనేవారు. మన సినిమాల్లో పేరు పడకుండా ఘోస్టు రచయితలు రాయడం గురించి తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. కాకపోతే అక్కడ అసలు పేరు బయటపడితే ప్రాజెక్టే మూలపడే ప్రమాదం ఉండేది కాబట్టి కాగితాల్లో కూడా జాగ్రత్తగా దాచారు. ఆ కాగితాలు ఇప్పుడు లైబ్రరీల, ఆర్కైవ్‌ల (పాత పత్రాలు భద్రపరిచే సంస్థల) పెట్టెల్లో ఉన్నాయి. వాటిని చదవడానికి ఒక పద్ధతి కావాలి.

అమెరికాలో సినిమా, నాటకం, చరిత్ర చదువుతున్న తెలుగు విద్యార్థులకూ, ఇక్కడి నుంచే కాపీలు తెప్పించుకుని పనిచేసేవాళ్లకూ పనికొచ్చేలా ఆ పద్ధతిని వరసగా చెబుతున్నాం. ఉదాహరణకు ఎక్కువగా ఆల్బర్ట్ మాల్ట్జ్‌ను తీసుకుంటున్నాం. ఆయన ముందు నాటక రచయిత (‘పీస్ ఆన్ ఎర్త్’ 1933, ‘బ్లాక్ పిట్’ 1935), తర్వాత సినిమా రచయిత (‘దిస్ గన్ ఫర్ హైర్’ 1942, ‘ద నేకెడ్ సిటీ’ 1948), ఆ పదిమందిలో ఒకరు. 1950లో జైలుకెళ్లారు, 1952 నుంచి పదేళ్లు మెక్సికోలో ఉన్నారు. నాటకం, సినిమా, అరువు పేరు, మారుపేరు నాలుగూ ఒకే మనిషి దగ్గర దొరుకుతాయి కాబట్టి నేర్చుకోవడానికి బాగుంటుంది.

1. ముందు పేర్ల పట్టిక రాసుకోండి

కేటలాగ్ తెరవకముందే ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి: అసలు పేరు, మారుపేర్లు, అరువిచ్చినవాళ్ల పేర్లు, ప్రతి సినిమాకీ ఉన్న వేర్వేరు టైటిళ్లు. ఈ పని చేయకుండా వెతికితే సగం సామగ్రి కంటపడదు.

కారణం సులువే. ‘బ్రోకెన్ యారో’ (1950) మాల్ట్జ్ రాసింది. తెర మీద పేరు మైకేల్ బ్లాంక్‌ఫోర్ట్‌ది. కాబట్టి స్టూడియో ఫైళ్లలో అది బ్లాంక్‌ఫోర్ట్ కిందే ఉంటుంది. ఆ పదిమందిలోనే ఒకరైన డాల్టన్ ట్రంబో రాసిన ‘గన్ క్రేజీ’ (1950) మొదట ‘డెడ్లీ ఈజ్ ద ఫీమేల్’ అనే పేరుతో విడుదలైంది, రచయితగా వేసింది మిలార్డ్ కాఫ్‌మన్ పేరు. ట్రంబో వెతుకులాటలో ఈ మూడు మాటల్లో ఏది మరిచినా ఒక దారి మూసుకుపోయినట్టే. నవల ఆధారంగా తీసిన సినిమా అయితే నవల పేరు కూడా రాసుకోండి. తొలి డ్రాఫ్టులు నవల పేరుతోనే ఉండటం మామూలు. ‘బ్రోకెన్ యారో’కి ఆధారం ‘బ్లడ్ బ్రదర్’ అనే నవల.

మారుపేరు కనబడగానే బ్లాక్‌లిస్ట్ అని తీర్మానించకండి. ‘ద బిగైల్డ్’ (1971) తెర మీద జాన్ బి. షెర్రీ అనే పేరుంటుంది. అది మాల్ట్జే. కానీ అప్పటికి ఆయన అసలు పేరు తెర మీదికి తిరిగొచ్చేసింది (‘టూ మ్యూల్స్ ఫర్ సిస్టర్ సారా’, 1970). తన స్క్రిప్టును మార్చిన తీరు నచ్చక పేరు తీసేసుకున్న సందర్భం అది. అలాగే మారుపేరంటే గాల్లోంచి పుట్టిందే అనుకోనక్కర్లేదు. ‘ద బ్రేవ్ వన్’ (1956) కథకు ఆస్కార్ వచ్చినప్పుడు తీసుకోడానికి రాని ‘రాబర్ట్ రిచ్’ పేరు నిర్మాతల మేనల్లుడిది. ఆ పేరుతో నిజంగానే ఒక మనిషి ఉన్నాడు, కథ రాసింది మాత్రం ట్రంబో.

2. పెట్టెలు ఎక్కడున్నాయో కనుక్కోండి

ఒక రచయిత కాగితాలన్నీ ఒకే చోట ఉంటాయని ఆశపడొద్దు. జీవితకాలంలో ఒక విడత ఒక సంస్థకి, ఆయన పోయాక కుటుంబం మరో విడత మరో సంస్థకి ఇవ్వడం ఎక్కువ. మాల్ట్జ్ కాగితాలు విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని హిస్టారికల్ సొసైటీలోనూ, బోస్టన్ యూనివర్సిటీలోనూ, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలోనూ ఉన్నాయి. ట్రంబోవి మాడిసన్‌లో కొన్ని, లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)లో కొన్ని. బ్లాక్‌లిస్ట్‌లో పడ్డ మిగతా రచయితల్లో మైకేల్ విల్సన్ కాగితాలు యూసీఎల్ఏలో, జాన్ హోవర్డ్ లాసన్‌వి ఇల్లినాయ్ రాష్ట్రం కార్బన్‌డేల్‌లోని సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో, రింగ్ లార్డ్‌నర్ జూనియర్‌వి బెవర్లీ హిల్స్‌లోని మార్గరెట్ హెరిక్ లైబ్రరీలో. వామపక్ష రచయితల కాగితాలు మాడిసన్‌లో ఇంత పోగవడం కాకతాళీయం కాదు. అక్కడ 1960లో మొదలైన సినిమా, నాటక పరిశోధన కేంద్రం, ఇంకా ఎవరూ పట్టించుకోని రోజుల్లోనే, ఈ రచయితల దగ్గరికెళ్లి అడిగి తెచ్చుకుంది.

రచయిత పెట్టెలు సగం సాక్ష్యమే. మిగతా సగం స్టూడియో వైపు ఉంటుంది. వార్నర్ బ్రదర్స్ సినిమా అయితే యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా)లోని వార్నర్ ఆర్కైవ్స్, సెన్సార్ వైపు ఉత్తరాలకైతే మార్గరెట్ హెరిక్ లైబ్రరీలోని ప్రొడక్షన్ కోడ్ (అప్పటి స్టూడియోల సొంత సెన్సార్) ఫైళ్లు చూడాలి. కోడ్ ఆఫీసుకు ఏ తేదీన ఏ డ్రాఫ్టు పంపారో, దానికి ఏం జవాబొచ్చిందో ఆ ఫైళ్లలో ఉంటుంది. డ్రాఫ్టులకు తేదీలు కట్టడానికి ఇంతకంటే మంచి ఊతం దొరకదు. నాటకాలకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ లింకన్ సెంటర్ శాఖ, కాపీరైట్ కోసం దాఖలు చేసిన ప్రతులకు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్.

వెతకడానికి ‘ఆర్కైవ్‌గ్రిడ్’ అనే ఉమ్మడి సూచికతో మొదలుపెట్టి, కాలిఫోర్నియా సంస్థలకు ‘ఆన్‌లైన్ ఆర్కైవ్ ఆఫ్ కాలిఫోర్నియా’కి వెళ్లండి. పట్టికలోని ప్రతి పేరునూ విడివిడిగా కొట్టి చూడండి.

3. ఫైండింగ్ ఎయిడ్‌ను తొందరపడకుండా చదవండి

పెట్టెల్లో ఏముందో చెప్పే జాబితాను ఫైండింగ్ ఎయిడ్ అంటారు. చాలామంది నేరుగా పెట్టెల జాబితాలోకి దూకి సినిమా పేరు వెతుక్కుంటారు. అంతకుముందు ఉండే నాలుగైదు పేరాలే అసలు సరుకు. కాగితాలు ఎవరు, ఎప్పుడు, ఎన్ని విడతల్లో ఇచ్చారు, వరస రచయిత పెట్టుకున్నదా ఆర్కైవ్ వాళ్లు పెట్టిందా, ఏ ఫోల్డర్ల మీద ఆంక్ష ఉంది, వేటి మైక్రోఫిల్మ్ ఉంది అనేవి అక్కడ ఉంటాయి. మైక్రోఫిల్మ్ ఉందంటే కాగితాలు చేతికివ్వకపోవచ్చు. అయితే ఆ రీళ్లను మీ యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా తెప్పించుకునే వీలుందేమో అడగొచ్చు.

పరిమాణం ‘లీనియర్ ఫీట్’లో, అంటే అరలో పక్కపక్కన పెట్టిన పెట్టెల మొత్తం పొడవుగా చెబుతారు. మామూలు డాక్యుమెంట్ పెట్టె వెడల్పు 5 అంగుళాలు. అంటే 10 అడుగుల సేకరణ దాదాపు 24 పెట్టెలు. 120 పేజీల స్క్రిప్టు అర అంగుళం దాకా ఉంటుంది. ఈ లెక్కతో పెట్టెకి ఎన్ని స్క్రిప్టులు పడతాయో, మీకున్న రోజులు సరిపోతాయో ముందే తేలిపోతుంది. స్క్రిప్టును చదవడానికి గంటన్నర, ఇంకో డ్రాఫ్టుతో పోల్చడానికి అంతకు రెట్టింపు వేసుకోండి. స్క్రిప్టులతో నిండిన ఒక్క పెట్టెను కూడా ఒక రోజులో పూర్తిగా చదివేస్తామనుకోవడం అత్యాశ.

తేదీల పక్కన గుర్తులు గమనించండి. చదరపు బ్రాకెట్లలో ఉన్న సంవత్సరం కాగితం మీద లేదు, జాబితా రాసినవాళ్లు ఊహించి వేశారు. ‘సర్కా’ అంటే అటూఇటుగా, ‘ఎన్.డి.’ అంటే తేదీ లేదు. బ్రాకెట్లలోని తేదీని మీ వ్యాసంలోకి బ్రాకెట్లు తీసేసి ఎత్తి రాస్తే, ఎవరో వేసిన అంచనా మీ చేతిలో నిజమైపోతుంది. ఈ రంగంలో తప్పుడు తేదీలు ఎక్కువగా పుట్టేది ఇలాగే.

4. రీడింగ్ రూములో

ఇది చిన్న సంగతే. ఫొటో గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. సంచి లాకర్లో పెట్టాలి, పెన్ను పనికిరాదు, పెన్సిలో ల్యాప్‌టాపో వాడాలి. ఒకసారి ఒక పెట్టె, అందులోంచి ఒక ఫోల్డర్. ఫోల్డర్ తీసిన చోట గుర్తు అట్ట పెట్టాలి. కాగితాల వరస తారుమారుగా ఉన్నట్టు అనిపించినా సర్దకండి, సిబ్బందికి చెప్పండి. ఆ తారుమారు వరసే రచయిత వదిలిన వరస కావచ్చు. కాగితానికి చేతి తొడుగులు అక్కర్లేదు, కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. ఫొటోలకైతేనే తొడుగులు.

ఊరి బయట గోదాముల్లో ఉండే పెట్టెలు రావడానికి రోజులు పడుతుంది. విమానం టికెట్ కొనకముందే ఉత్తరం రాసి, మీకు కావాల్సిన పెట్టెల నంబర్లు ఇచ్చి, ఫలానా తేదీకి రీడింగ్ రూములో ఉంటాయని రాతపూర్వకంగా తెలుసుకోండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి పనిచేసేవాళ్లు ‘మాల్ట్జ్ స్క్రిప్టులు పంపండి’ అని రాస్తే ఉపయోగం లేదు. పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు, ఫోల్డర్ పేరు మూడూ రాసి, ముందు పేజీల సంఖ్య, కాపీ ఖర్చు చెప్పమని అడగండి. టైటిల్ పేజీ, మొదటి పది పేజీలు, ఆఖరి పేజీ మాత్రం ముందు తెప్పించుకుంటే మీక్కావాల్సిన డ్రాఫ్టు అదో కాదో తక్కువ ఖర్చులో తెలుస్తుంది. ఫోన్ చేయాలంటే మాడిసన్ మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది.

5. చేతిలో ఉన్నది ఏ రకం స్క్రిప్టో తేల్చుకోండి

కథా సంగ్రహం, ట్రీట్‌మెంట్, తొలి డ్రాఫ్టు, సవరించిన డ్రాఫ్టు, ఫైనల్, షూటింగ్ స్క్రిప్టు: ఇవి అందరికీ తెలిసినవే. ‘ఫైనల్’ అనే ముద్ర చూసి మోసపోకండి. స్టూడియోల్లో ‘ఫైనల్’ తర్వాత ‘రివైజ్డ్ ఫైనల్’, ఆ తర్వాత ‘సెకండ్ రివైజ్డ్ ఫైనల్’ రావడం మామూలే.

ముఖ్యంగా ఒకటి పక్కన పెట్టాలి. ‘కటింగ్ కంటిన్యుటీ’ అని ఉంటే అది రచయిత రాసిన స్క్రిప్టు కాదు. సినిమా పూర్తయ్యాక తెర మీద ఉన్నదాన్ని షాట్ల వారీగా, అడుగుల లెక్కతో స్టూడియో సిబ్బంది టైపు చేసింది. దాంట్లోని మాటను రచయిత మాటగా ఉటంకిస్తే పునాదే తప్పు. పేజీ పక్కన ఫుటేజీ అంకెలుంటే అనుమానించండి.

సీన్ల అంకెలు కూడా కబుర్లు చెబుతాయి. బడ్జెట్ వేసి షెడ్యూల్ కట్టాక సీన్ల అంకెలు మార్చరు. కొత్త సీన్ వస్తే 45ఏ అవుతుంది, తీసేస్తే ఆ అంకె దగ్గర ‘తొలగించబడింది’ అన్న అర్థం వచ్చే మాట మిగులుతుంది. పేజీలూ అంతే: 45ఏ అంటే తర్వాత కలిపినది, 45-47 అని ఒకే పేజీ మీద ఉంటే రెండు పేజీలు ఎగిరిపోయాయన్నమాట. ఇలాంటివి ఒక్కటీ లేని శుభ్రమైన స్క్రిప్టు షూటింగ్‌కి చాలా ముందుదన్నా అయ్యుండాలి, మొత్తం మళ్లీ టైపు చేసిందన్నా అయ్యుండాలి.

మార్చిన పేజీలు రంగు కాగితం మీద ఉంటాయి. తెలుపు తర్వాత నీలం, ఆపైన గులాబీ, పసుపు అంటూ ఈ రోజు పుస్తకాల్లో కనిపించే వరసను 1940ల, 50ల స్క్రిప్టులకు అంటగట్టకండి. అప్పట్లో స్టూడియోకో అలవాటు. రంగును మార్పు జరిగిందనడానికి గుర్తుగా తీసుకుని, క్రమాన్ని మాత్రం పేజీ మూల ఉన్న తేదీతోనే కట్టండి.

ఆ తేదీ విషయంలో మన కళ్లు మనల్నే మోసం చేస్తాయి. 3/4/52 అంటే అమెరికాలో మార్చి 4, మనం చదివినట్టు ఏప్రిల్ 3 కాదు. నోట్సులో నెలను అక్షరాల్లోనే రాసుకోండి. మెక్సికో నుంచి రాసిన ఉత్తరాల్లో స్థానిక అలవాటు ప్రకారం రోజు ముందు రావచ్చు కాబట్టి, 12 దాటిన అంకె ఉన్న ఇంకో ఉత్తరం చూసి ఆ మనిషి అలవాటు ఏదో ముందు తేల్చుకోవాలి.

6. కాగితాన్ని చదవండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పేరు అబద్ధం చెప్పినా కాగితం అంత తేలిగ్గా చెప్పదు.

టైపు మిషన్ మీద నేరుగా కొట్టిన ప్రతిని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అక్షరాలు కాగితంలో దిగినట్టు కనబడతాయి, వెనకవైపు పూర్ణవిరామాలు పొడుచుకొచ్చి తగులుతాయి. కార్బన్ కాపీ ఉల్లిపొర కాగితం మీద ఉంటుంది, అక్షరాల అంచులు అలుక్కున్నట్టుంటాయి. మూడో నాలుగో కాపీలో ఇంగ్లీషు ‘ఈ’, ‘ఏ’, ‘ఓ’ అక్షరాలు ఒకదానికొకటి తేడా తెలియవు. అందుకే పేర్లను అక్కడి నుంచి ఎత్తి రాసేటప్పుడు ఇంకోచోట సరిచూసుకోవాలి. సైక్లోస్టైల్ ప్రతి దళసరిగా, సిరా పీల్చుకునే గరుకు కాగితం మీద ఉంటుంది. ఊదారంగు అక్షరాలు కనిపిస్తే అది స్పిరిట్ డూప్లికేటర్ ప్రతి, వెలుతురుకి వెలిసిపోతుంది. దాన్ని ముందు ఫొటో తీసుకుని తర్వాత చదవండి. గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కిన కాపీ థర్మోఫ్యాక్స్, 1950 నుంచి వాడుకలోకొచ్చింది. మామూలు కాగితం మీద జిరాక్స్ కాపీలు తీసే మిషన్ 1959లో వచ్చింది. 1951 నాటి స్క్రిప్టు జిరాక్స్ రూపంలో ఉందంటే కాపీ ఎప్పుడు తీశారన్నది వేరే ప్రశ్న అవుతుంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌కి అటెస్టేషన్ ముద్ర తేదీకి ఉన్నంత తేడా ఉంది రెంటికీ.

ఈ రకాలు తెలిస్తే అరువు పేరు వ్యవహారం విప్పడం సులువవుతుంది. ఇంట్లో కూర్చుని రాసినది టైపు ప్రతిగానో కార్బన్‌గానో మిగులుతుంది. స్టూడియోకి చేరాక వాళ్ల విభాగంలో స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీస్తారు. అరువు పేరు ఎక్కేది చాలావరకు ఈ రెంటికీ మధ్య. అందుకే రచయిత పెట్టెలో దొరికిన పేరు లేని కార్బన్‌నీ, స్టూడియో ఆర్కైవ్‌లో ఉన్న పేరున్న సైక్లోస్టైల్‌నీ పక్కపక్కన పెట్టడమే ఈ పనికి గుండెకాయ. రెండూ వేర్వేరు ఊళ్లలో ఉంటాయి కాబట్టి ఒకదాని ఫొటోలతో ఇంకోచోటికి వెళ్లాలి.

పోలికకు మూడు సీన్లు ఎంచుకోండి: మొదటిది, మధ్యలో ఒకటి, చివరిది. సంభాషణలు మాత్రమే కాదు, వర్ణన వాక్యాలు, విరామ చిహ్నాలు, అక్షర దోషాలు పోల్చండి. సంభాషణలను డైరెక్టరు నుంచి నటుడి దాకా అందరూ ముట్టుకుంటారు. తలుపు ఎటు తెరుచుకుందో చెప్పే వర్ణన వాక్యాన్ని మార్చడానికి ఎవరూ సిరా ఖర్చు పెట్టరు. ఒకే అక్షర దోషం రెండు ప్రతుల్లోనూ ఉందంటే ఒకటి చూసి ఇంకోటి కొట్టారనడానికి గట్టి ఆధారం.

టైపు మిషన్‌ను గుర్తుపట్టాలంటే అంగుళానికి ఎన్ని అక్షరాలు పడ్డాయో లెక్కపెట్టండి, 10 అయితే పైకా, 12 అయితే ఎలీట్. తర్వాత వంకరపోయిన అక్షరం, పైకి లేచిన అక్షరం, మకిలి పట్టి కడుపు నిండిపోయిన అక్షరం వెతకండి. అదే నెలలో అదే మనిషి సంతకంతో పంపిన ఉత్తరంతో కలిపి చూడండి. కలిస్తే సంతోషించండి గానీ అక్కడే ఆగకండి. జీతానికి టైపిస్టు ఉంటే మిషన్ కలిసినా రచయిత కలవకపోవచ్చు.

అంచుల్లో పెన్సిల్ రాతలు ఎవరివో చెప్పలేకపోతే ‘రాసినవారు తెలియదు’ అని రాసుకోండి. పేజీ పైమూల చిన్నగా, పొందికగా ఉన్న పెన్సిల్ అంకెలు ఆర్కైవ్ వాళ్లవి. ఒక డ్రాఫ్టులో డైరెక్టరు, నిర్మాత, సెక్రటరీ ముగ్గురి రాతా ఉండొచ్చు. సంతకం ఉన్న నమూనా లేకుండా రాతను ఎవరికీ అంటగట్టొద్దు.

తుప్పు పట్టిన క్లిప్పులు, ఇత్తడి ఫాస్టెనర్లు, జిగురు ఎండి రాలిపోతున్న టేపులు మీరు ముట్టుకోకండి. అప్పట్లో రచయితలు కత్తిరించి అతికించి డ్రాఫ్టు కట్టేవారు. టేపు ఊడిన ముక్క ఎక్కడిదో తెలియకపోతే ఆ పేజీ అర్థమే పోతుంది. ముక్క పడిన చోటే ఉంచి సిబ్బందిని పిలవండి. అతికించిన ముక్క కింద ఏముందో చూడాలనిపిస్తే వెనక నుంచి వెలుతురు వేసి చూపించగలరేమో అడగండి, గోటితో లేపకండి.

7. ఉత్తరాలూ డబ్బు లెక్కలూ

స్క్రిప్టు ఎవరిదో తేల్చేది ఆఖరికి ఉత్తరాలే. కానీ ఉత్తరాల్లో కూడా మారుపేర్లే ఉంటాయి. పంపినవారు, అందుకున్నవారు, ప్రస్తావించిన ప్రాజెక్టు, తేదీ అని నాలుగు గడుల పట్టిక పెట్టుకుని ప్రతి ఉత్తరాన్నీ ఎక్కించండి. ప్రాజెక్టు పేరు చెప్పకుండా ‘ఆ పని’, ‘పడమటి కథ’ తరహాలో రాస్తే అలాగే ఎక్కించండి, మీరు ఊహించింది వేరే రంగులో రాయండి. పట్టిక యాభై వరసలు దాటాక ఆ తేదీల్లో వేరే ఏ ప్రాజెక్టూ నడవలేదని తేలి ముడి దానంతటదే విడిపోతుంది.

చెక్కులు, బ్యాంకు కాగితాలు, ఏజెంటు లెక్కలు విసుగ్గా ఉంటాయని వదిలేయకండి. అరువు పేరు మనిషికి స్టూడియో ఇచ్చిన మొత్తానికీ, అసలు రచయితకి చేరిన మొత్తానికీ తేడా ఉంటుంది. ఆ తేడా అంతా కమీషనని రాసేయడం తొందరపాటు. ఆదాయం అరువిచ్చినవాడి పేరున పడింది కాబట్టి పన్ను కట్టాల్సిందీ అతనే, దానికి కొంత మినహాయించుకుని ఉండొచ్చు. పన్ను కాగితం దొరికితేనే ఏదైనా అనండి. తమకేమీ ఉంచుకోకుండా స్నేహం కొద్దీ పేరిచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక అసలు చిక్కు. అరువిచ్చినవాళ్లు చాలామంది స్వయంగా రచయితలు. ‘రోమన్ హాలిడే’ (1953) కథ ట్రంబోది, తెర మీద పేరు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్‌ది. కానీ హంటర్ ఆ స్క్రిప్టు మీద పని కూడా చేశాడు, జాన్ డైటన్ కూడా చేశాడు. తర్వాత హంటరే బ్లాక్‌లిస్ట్‌లో పడ్డాడు. కాబట్టి ‘ఇది ట్రంబోదా, హంటర్‌దా’ అనే ప్రశ్నే పొసగదు. ఏ డ్రాఫ్టు ఎవరిది, అందులో ఏ సీన్లు నిలిచాయి అని అడగాలి. అరువు పేరు కనబడగానే ఆ మనిషిని ఉత్త తోలుబొమ్మగా రాసేయడం ఒక అన్యాయాన్ని సరిచేయబోయి ఇంకో అన్యాయం చేయడమే.

రైటర్స్ గిల్డ్ (హాలీవుడ్ రచయితల సంఘం), ఆస్కార్ ఇచ్చే అకాడమీ తర్వాతి కాలంలో సరిచేసిన క్రెడిట్లు మీకు ఊతం. ‘రోమన్ హాలిడే’ కథకు ట్రంబో పేరిట ఆస్కార్ 1993లో ఆయన భార్య చేతికొచ్చింది, స్క్రీన్‌ప్లేలో గిల్డ్ ఆయన పేరు చేర్చింది 2011లో. ‘బ్రోకెన్ యారో’కి మాల్ట్జ్ పేరు 1990ల ఆరంభంలో చేరింది. ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై’ (1957) ఆస్కార్ నవలా రచయిత పియరీ బూల్ పేర వెళ్లింది, కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్‌లకు గుర్తింపు వచ్చేసరికి 1984 అయింది. ‘ఫ్రెండ్లీ పర్సుయేషన్’ (1956) అయితే స్క్రీన్‌ప్లే రచయిత పేరే లేకుండా విడుదలైంది, అది విల్సన్ రాసింది. అందుకని పాత పోస్టరు, పాత పత్రిక, ఇప్పటి డిజిటల్ ప్రింటు ఒకే సినిమాకి మూడు రకాల పేర్లు చూపించొచ్చు. మీరు చూసిన ప్రింటు ఏ ఏడాదిదో రాయకుండా ‘తెర మీద పేరు ఇది’ అని రాయకండి.

8. నాటకాల పెట్టెలు వేరే తీరు

బ్లాక్‌లిస్ట్ స్టూడియోల చేతిలోని ఆయుధం. న్యూయార్క్ నాటకరంగంలో అలా అందరినీ ఒక్క మాట మీద నిలిపే యజమానుల గుంపు లేదు. ట్రంబో నాటకం ‘ద బిగ్గెస్ట్ థీఫ్ ఇన్ టౌన్’ 1949లో, ఆయన ధిక్కార కేసు నడుస్తుండగానే, సొంత పేరుతో బ్రాడ్‌వేలో పడింది. కాబట్టి నాటకం అట్ట మీద పేరును సినిమా అట్ట మీద పేరుకంటే కాస్త ఎక్కువ నమ్మొచ్చు.

నాటకానికి మూడు రకాల ప్రతులుంటాయి. రచయిత టైపు ప్రతిలో ఉన్నది ఆయన అనుకున్నది. స్టేజి మేనేజరు ప్రాంప్ట్ పుస్తకంలో ఉన్నది ప్రదర్శనలో జరిగింది, లైటు, శబ్దం సూచనలు అంచుల్లో ఉంటాయి. అచ్చయిన ప్రదర్శన ప్రతిలో ఈ రెండూ కలిసిపోయి, రంగ సూచనల్లో ఏది రచయితది, ఏది స్టేజి మేనేజరుది అన్నది తెలియకుండా పోతుంది. రంగ సూచనను ఉటంకిస్తూ రచయిత శైలి గురించి మాట్లాడాలంటే టైపు ప్రతే చూడాలి. బ్రాడ్‌వేకి రాకముందు వేరే ఊళ్లలో ఆడినప్పుడు రాత్రికి రాత్రి మార్చిన పేజీలు విడి ఫోల్డర్లో ఉంటాయి, వాటికి తేదీ ఉండదు. అదే వారం పత్రికల్లో వచ్చిన సమీక్షలు ఏ సీను గురించి చెప్పాయో చూస్తే వాటి స్థానం దొరుకుతుంది.

9. ఫొటోలు, పేర్లు, హక్కులు

ప్రతి ఫోల్డర్‌కీ మొదటి ఫొటో ఫోల్డర్ మీద రాసిన పేరుదే కావాలి. రెండోది టైటిల్ పేజీ, ఖాళీగా ఉన్నా సరే. తర్వాత పేజీలు వరసగా, ఫ్లాష్ లేకుండా. వెనకవైపు రాత ఉంటే అది కూడా తీయండి. స్క్రిప్టులను పాత డ్రాఫ్టుల వెనక కొట్టిన సందర్భాలుంటాయి, ఆ వెనకవైపే ఇంకో స్క్రిప్టుకి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు కావచ్చు. ఆ సాయంత్రమే ఫైళ్లకు సంస్థ, పెట్టె, ఫోల్డర్, పేజీ అనే వరసలో పేర్లు పెట్టండి. వారం తర్వాత పెడదామనుకుంటే ఒకేలా కనిపించే వందల తెల్ల పేజీల్లో ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

కాగితం ఆర్కైవ్‌దే గానీ అందులోని రాత హక్కు వాళ్లది కాకపోవచ్చు. అచ్చుకాని సొంత రచనలకు అమెరికాలో రచయిత మరణం తర్వాత 70 ఏళ్లు. ట్రంబో 1976లో పోయారు కాబట్టి 2046 ఆఖరు వరకు, మాల్ట్జ్ 1985లో పోయారు కాబట్టి 2055 ఆఖరు వరకు. స్టూడియో జీతానికి రాసిన స్క్రిప్టు హక్కు స్టూడియోది, దాని గడువు లెక్క వేరు. ఉత్తరం విషయంలో హక్కు రాసినవారిది, అందుకున్నవారిది కాదు. అంటే మాల్ట్జ్ పెట్టెలో ఉన్నవాటిలో ఇతరులు ఆయనకు రాసిన ఉత్తరాల మీద ఆయన వారసులకు హక్కు లేదు. పరిశోధన వ్యాసంలో కొన్ని వాక్యాలు ఉటంకించడం వేరు, నాటకాన్ని తెలుగులోకి అనువదించి అచ్చేయడమో ఆడించడమో వేరు. రెండోదానికి వారసుల దగ్గరో వాళ్ల ఏజెంటు దగ్గరో రాతపూర్వక అనుమతి కావాలి. ఎవరిని అడగాలో ఆర్కైవ్ వాళ్లు చెప్పగలరు, అనుమతి మాత్రం వాళ్లివ్వలేరు.

పేరు లేని కార్బన్ ఎవరిదో తేల్చగలిగితే ఆ సంగతిని ఆర్కైవ్ వాళ్లకి రాయండి. పెట్టె, ఫోల్డర్ నంబర్లు, మీరు పోల్చిన స్టూడియో ప్రతి ఎక్కడుందో, దాని తేదీ, కలిసిన సీన్లు, ఉత్తరం తేదీ ఒక పేజీలో పెడితే చాలు. ఏది ఖాయమో, ఏది ఊహో విడివిడిగా రాస్తే ఫైండింగ్ ఎయిడ్‌లో ఎక్కించడం వాళ్లకు సులువు.